నాయన కారు యాంటెన్నా

నాకు కోపమెక్కువని హిందూపురంలో బండి ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. బ్యాటరీలో నీళ్ళు ఇంకిపోయేదాకా తిప్పి, అది చచ్చాక తోసుకుంటూ తెచ్చి, "నిన్నటిదాకా బాగుండె ఎస్తేరమ్మా" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తిడతాను. తిట్టించుకుని మళ్ళీ నా దగ్గరికే వస్తారు, పని చెడగొట్టనని తెలుసు కాబట్టి. ఆ పని నేర్పింది మా నాయన కొండప్ప. పెనుకొండ బస్టాండు పక్కన ఆయనకు కార్లకు, లారీలకు కరెంటు పనులు చేసే అంగడి ఉండేది. నేను పదో తరగతి తప్పి మూల కూర్చుని ఏడుస్తుంటే "ఏడ్సింది చాల్లే, వచ్చి ఈ వైరు పట్టుకో" అన్నాడు. ఆ పట్టుకున్నది ఇంతవరకూ వదల్లేదు.

నాయనకు ఒక పట్టింపు ఉండేది. మార్చిన పాత సామాను సొంతదారుడి చేతిలో పెట్టకుండా బండిని పంపేవాడు కాదు. "పాతది చూపీకుంటే కొత్తది ఏసినామని వాడెట్ల నమ్మల్ల?" అనేవాడు. చిన్న బల్బు మార్చినా అంతే. నేనూ అలాగే చేస్తాను. కొందరు జేబులో వేసుకుంటారు, కొందరు అక్కడే రోడ్డు మీద పారేస్తారు. పారేసుకోనీ, వాళ్ళ సొత్తు వాళ్ళ ఇష్టం.

సరే, కారు సంగతికి వస్తాను. తెల్లది, పొడుగుది, ముప్పై ఏళ్ళనాటిది. బెంగుళూరు ఆఫీసరెవరో పెనుకొండ దగ్గర హైవే మీద ఆగిపోతే విసుగొచ్చి, వచ్చినకాడికి నాయనకే అమ్మేసి బస్సెక్కి పోయాడు. నాయన ఇంజను జోలికి పోకుండా ముందు దాని యాంటెన్నా బాగు చేశాడు. అదేం పిచ్చి నాయనా అంటే, "ఇంజను అందురికీ ఉంటాది, ఇది మనకే ఉండాది" అన్నాడు. రేడియో వేస్తే వెనక చక్రం పైన ఉన్న బొక్కలోంచి సన్నటి కడ్డీ తనంతట తనే పైకి లేచేది. రేడియో ఆపితే దిగిపోయేది. బస్టాండులో జనం టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసేవాళ్ళు. "కొండప్ప కారుకు కొమ్ము మొలుస్తాది" అని పిల్లలు వెంటపడేవాళ్ళు. నాయన మనసు బాగుంటే రెండోసారి కూడా లేపి చూపించేవాడు.

నాయన పోయాక పెనుకొండ ఇల్లు, వెనక ఖాళీ స్థలం, అంగడి అన్నీ తమ్ముడికి పోయాయి. వాడి పేరు మురళి. నాకు అమ్మ బైబిలు పేరు పెట్టింది. వాణ్ణి బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తనకు నచ్చిన పేరు రాసేసుకున్నాడు, అదే ఉండిపోయింది. పెద్దమనుషులు "మరి నీకేం కావాల ఎస్తేరూ?" అని అడిగారు. కారు కావాలన్నాను. ఇంకేమైనా అన్నారు. కారు చాలన్నాను. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు, ఇంటి మీద హక్కు వదులుకుంటూ సంతకం పెట్టేశాను.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. హిందూపురంలో నా అంగడి ఉన్న సందులో ఆటో తిప్పడానికే చోటు లేదు, అంత పొడుగు కారు ఎక్కడ పెట్టేది? మురళి అప్పటికే ధర్మవరంలో మంజులతను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మంజులత వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంటి పక్కనే రేకుల పంచ ఖాళీగా ఉంది. "నా కాడ పెట్టక్కా. నీకు చోటు దొరికినాక తీస్కపో" అన్నాడు. ఇన్సూరెన్సుకూ దానికీ దీనికీ దగ్గరుండి తిరిగేది వాడే కదా అని కాగితాలు కూడా వాడి పేరు మీదే రాయించాను. తోడబుట్టినవాడి దగ్గర రాతకోతలేమిటి? అప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తి ఉంటే వాళ్ళనే తిట్టేదాన్ని.

ఈ ఏడు నాకు చోటు దొరికింది. మా అంగడి పక్కన దోసెల హోటలు నడిపే కుళ్ళాయమ్మ, హోటలు వెనకున్న ఖాళీ జాగా వాడుకోమంది. రేకులు వేయించాను, కింద బండలు పరిపించాను. కారు రాగానే మొట్టమొదట తనను లేపాక్షికి తీసుకుపోవాలని కుళ్ళాయమ్మ మాట తీసుకుంది. మురళికి ఫోన్ చేసి, నెలాఖరుకు వచ్చి కారు తీసుకుపోతానని చెప్పాను.

"ఆఁ... సరేక్కా" అన్నాడు.

ఆ 'ఆఁ'లో ఏముందో అప్పుడు నాకు వినపడలేదు. మోటరు శబ్దం విని రోగం చెప్పే మనిషిని, తమ్ముడి గొంతు విని చెప్పలేకపోయాను.

కొన్నాళ్ళకు వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, నాయన కారు యాంటెన్నా లేయడం లేదు."

"సప్పుడు వస్తాందా, రాలేదా?"

"వస్తాంది. గిర్రుమంటాది, ఆమీద టకటకమని కొట్టుకుంటాది. కడ్డీ మాత్రం లేయదు."

అక్కడికి సగం రోగం తెలిసిపోయింది. శబ్దమే రాకపోతే ఫ్యూజో, వైరో, మోటరో చూడాలి. శబ్దం వచ్చి కడ్డీ లేవలేదంటే లోపల తాడు తెగినట్టు. నైలాన్ తాడు అది, ఒక పక్క రంపానికున్నట్టు పళ్ళుంటాయి. మోటరు ఆ పళ్ళను పట్టుకుని తాడును పైకి తోస్తే కడ్డీ లేస్తుంది, వెనక్కి చుట్టుకుంటే దిగుతుంది. అది తెగితే మోటరు ఉత్తినే తిరుగుతుంది.

"నెలాఖరుకు నేనెట్లా వస్తా గదరా. అప్పుడు చూస్తాలే."

"కాదక్కా, శుక్రవారానికే చేసియ్యల్ల. ఆ పొద్దు నాయన దినం గదా. కారులో పెనుకొండకు పోయి, సమాధి కాడ యాంటెన్నా లేపుదామని..."

వాడికి నాయన దినం గుర్తుంది. అంతేకాదు, నాయనకు ఏది ఇష్టమో కూడా గుర్తుంది. "వస్తారా, అదే కారులో పెనుకొండకు పోయి, అట్నుంచి అటే నేను హిందూపురానికి తోలుకోని పోతా" అన్నాను. వాడు మళ్ళీ "సరేక్కా" అన్నాడు.

ఆ తాడు, కడ్డీ ఇప్పుడు ఎక్కడా దొరకవు. అంగడి మూసి బెంగుళూరు పోయి, పాత సామాన్ల సందులన్నీ తిరిగి, అలాంటి కారుదే ఒకటి పట్టుకొచ్చాను. శుక్రవారం పొద్దున రైలెక్కేటప్పుడు కుళ్ళాయమ్మ రెండు దోసెలు కట్టిచ్చింది. "వచ్చేటప్పుడు హారన్ కొట్టుకుంటా రా" అంది.

ధర్మవరంలో వాళ్ళ వీధికి పోతే మగ్గాల చప్పుడే మాటలకంటే ముందు వినపడుతుంది. మంజులత మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "రా వదినా, ఈ అంచు అయినంక కాపీ తెస్తా" అంది. పంచలో కారు ధగధగలాడుతోంది. కడిగి తుడిచి ఉంది. సీట్లకు కొత్త తొడుగులు, కింద కొత్త పట్టాలు. నా తమ్ముడు బంగారం అనుకున్నాను. డిక్కీ తీస్తే నాయన సామాన్ల పెట్టె లేదు.

"తుప్పు పడతాదని ఇంట్లో పెట్టినాలేక్కా" అన్నాడు మురళి.

ముందు అద్దానికి నాయన వేలాడదీసిన చెక్క సిలువ కూడా లేదు. అడిగితే, కడిగేటప్పుడు తీశానన్నాడు. సరేనన్నాను. నేను వచ్చింది యాంటెన్నా కోసం, నా బుర్రంతా దాని మీదే ఉంది.

వాణ్ణి లోపల కూర్చుని రేడియో వేయమని, వెనక రేకుకు చెవి ఆనించాను. గిర్రుమని తిరిగి, టకటకమంది. చెప్పలే! తాడే. మళ్ళీ ఆపించి విన్నాను. మోటరు రెండు వైపులా బాగానే తిరుగుతోంది. అయితే కడ్డీని వేళ్ళతో పట్టి లాగితే కదల్లేదు. తాడు ఊరికే తెగితే కడ్డీ చేతికి వచ్చేయాలి. ఏదో లోపల ఇరుక్కుంది, కడ్డీ పట్టేసింది, మోటరు బలంగా గుంజింది, తాడు తెగింది. ఇరుక్కున్నదేదో తెలియకుండా కొత్తది వేస్తే అదీ తెగుతుంది.

పైన నట్టు విప్పి, డిక్కీలోంచి మోటరు, గొట్టం మొత్తం బయటికి తీశాను. పంచలో పాత గుడ్డ పరిచి దాని మీద పెట్టాను. మూత విప్పితే లోపల తాడు రెండు ముక్కలై, పళ్ళు అరిగి ఉంది. అది తీసేశాను. ఇక గొట్టంలో ఇరుక్కున్న కడ్డీ. కటింగ్ ప్లేయరుతో పట్టి, గొట్టాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పుతూ లాగాను. కొంచెం కొంచెంగా వచ్చి, చివర్లో ఒక్కసారిగా ఊడింది. దాని మొదట్లో పసుపుపచ్చటి దారం ఉండలా చుట్టుకుని ఉంది. విప్పి చూశాను. పసుపు నా వేళ్ళకు అంటింది. దారానికి పచ్చిమిరపకాయ తొడిమ, నలిగిపోయిన నిమ్మతొక్క. ఇంకా వాసన వస్తోంది.

మా ఇంట్లో బండికి నిమ్మకాయలు కట్టే అలవాటు లేదు. ఇంకొకరు కట్టుకుంటే నేనేమీ అనను, నా దగ్గరికొచ్చే బండ్లలో ముప్పాతిక వాటికి ఉంటాయి. కానీ అవి బంపరుకు కడతారు. ఎవరో దీన్ని లేచి ఉన్న యాంటెన్నాకు కట్టారు, రేడియో ఆపగానే అది దారాన్ని కూడా లోపలికి లాక్కుంది. ఇట్లాంటి కడ్డీ ఉన్న కారును ఎన్నడూ వాడనివాళ్ళు చేసే పని ఇది.

"ఏందిరా ఇది?" అన్నాను.

మురళి దగ్గరికి వచ్చి చూశాడు. "మంజుల కట్టింటాదిలేక్కా. వాళ్ళకు అలవాటు గదా."

అది నిజమే అనిపించింది. పెళ్ళయినా మంజులత పూజలు మంజులతవి, మేమెవరం అడ్డు చెప్పలేదు. "నీ పెండ్లానికి యాంటెన్నా అంటే గుడి ముందర ధ్వజస్తంభం అనుకున్నట్టుండాదే" అని నవ్వాను. వాడూ నవ్వాడు. వంకరపోయిన ఆ పాత కడ్డీని తుడిచి నా సంచిలో వేసుకున్నాను. నా కారు, నా పాత సామాను. నాయన బిడ్డను కదా, నా చేతిలో నేనే పెట్టుకున్నాను.

మంజులత కాఫీ గ్లాసులతో వచ్చింది.

"మంజులా, నీ దండం పెడతా తల్లీ! దిష్టికి కట్టేదుంటే ముందరి బంపరుకు కట్టు. యాంటెన్నాకు కట్టినావు, చూడు ఏమయిందో" అన్నాను దారం చూపిస్తూ.

"నేను యాడ కట్టినా వదినా?" అంది మంజులత. "ఆ కొన్న ఆయప్ప గదా గుడి కాడ పూజ చేయించి కట్టింది."

మురళి "మంజులా" అని గట్టిగా అన్నాడు. అప్పటికే మాట బయటపడింది.

"కొన్న ఆయప్పా?" అన్నాను. "ఏం కొన్నాడు?"

మంజులత నా ముఖం చూసింది, వాడి ముఖం చూసింది. గ్లాసులు కింద పెట్టేసింది. "వదినా, నీకు చెప్పినా అన్నాడే! అక్కను అడిగినా, సరేననింది అన్నాడే నాతో!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగను నిమ్మతొక్క పట్టిచ్చింది.

"కారు అమ్మినావా?" అన్నాను.

వాడు నేల చూశాడు.

"నోరు తెరువురా. నా కారు అమ్మినావా?"

"ఆ దుడ్లతో ఇంకో రెండు మగ్గాలు దించినానక్కా. ఊరికే నిలబడి తుప్పు పట్టిపోయే బండి..."

"నన్ను అడిగినావా?"

"అడిగితే వద్దంటావు గదక్కా" అన్నాడు.

ఎంత సులభంగా అన్నాడో! వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదట. చేతిలో స్పానర్ ఉంది. విసిరాను. వాడి మీద కాదు, పంచ రేకు గోడకు. ఆ మోతకు పక్కింట్లో మగ్గాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఎవరో తల బయటికి పెట్టి మళ్ళీ లోపలికి పోయారు.

"ఇల్లు నీకిచ్చి కారు తీసుకున్నాగదరా! అంగడి నీకిచ్చి కారు తీసుకున్నా! పెద్దమనుషులు నవ్వినా పడినా. షెడ్డు వేయించినానని చెప్తి గదరా నీకు. ఆ పొద్దే అమ్మినా అని చెప్పుకుంటే నీ నోరు పడిపోవునా?"

"అప్పటికే అమ్మినానక్కా. ఎట్ల చెప్పల్లనో తెలీలేదు."

"అమ్మినోడివి అమ్మినావు. నన్ను యాల పిలిచినావు? నాయన దినమని యాల చెప్పినావు?"

వాడు గోడ వైపు తిరిగాడు. మంజులత కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఆ పిల్లను ఏమనాలి? ఆమెనూ మోసం చేశాడు. తిట్టే నోరు నాది, ఊళ్ళో అందరినీ తిడతాను, వీణ్ణి తిట్టడానికి ఇంకొక్క మాట రాలేదు. తడిగుడ్డతో గొంతు కోశాడు. నాయన పేరు చెప్పి మరీ కోశాడు.

సంచి భుజానికి తగిలించుకుని వాకిలి దాకా పోయాను. పోయేదాన్నే. వెనక్కి తిరిగి చూడకుండా ఉండాల్సింది.

తిరిగి చూశాను. పాత గుడ్డ మీద మోటరు మూత తెరుచుకుని పడి ఉంది. చక్రాలు బయటికి కనపడుతున్నాయి, స్క్రూలు పక్కన పోసి ఉన్నాయి. ఆ మోటరును నాయన ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు గ్రీజు పెట్టాడో. విప్పినోడే బిగించాలి అనేవాడు. కోపమొస్తే గిరాకీని తిట్టు, బండిని తిట్టద్దు అనేవాడు. అమ్ముడుపోవడంలో ఆ మోటరు తప్పేముంది? దాన్ని అట్లా పేగులు బయటేసుకున్నట్టు వదిలిపెట్టి పోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

సంచి కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాను.

మురళి ముఖంలోకి ఊపిరి తిరిగొచ్చింది. నేను క్షమించాననుకున్నాడేమో, ఆ మాత్రం సిగ్గు వాడికింకా ఉందిలే అనుకున్నాను. పిచ్చిదాన్ని!

మళ్ళీ పని మొదలుపెట్టాను. లోపలంతా తుడిచి, అరిగిన పళ్ళ ముక్కలు ఏరి పారేసి, కొంచెం గ్రీజు పెట్టి మూత బిగించాను. గొట్టం లోపల ఇంకేమైనా మిగిలిందేమోనని గుడ్డ పీలిక తోసి లాగాను. మోటరును డిక్కీలో యథాస్థానంలో పెట్టి, కొత్త కడ్డీ తాడును పైనుంచి బొక్కలోకి దించాను. పళ్ళు మోటరు వైపు ఉండాలి. రేడియో వేయమన్నాను, ఆపమన్నాను. ఆపగానే లోపలి చక్రం తాడును అందుకుంది. నా వేళ్ళ మధ్య నుంచి అది మెల్లగా జారుతూ లోపలికి పోయింది. దాంతోపాటే కడ్డీని గొట్టంలోకి దించి నట్టు బిగించాను.

"రేడియో ఏయ్" అన్నాను.

రేడియో వేశాడు. అనంతపురం స్టేషనులో ఎవరో వేరుశనగ తెగులు గురించి మాట్లాడుతున్నారు. కడ్డీ లేచింది. ఎక్కడా ఆగకుండా, వణక్కుండా, చివరిదాకా లేచి నిలబడింది. నాయన ఉంటే చప్పట్లు కొట్టేవాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. వాడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకపోయింది.

కొంచెం పొద్దు వాలాక స్కూటరు మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. పట్టుచీరల వ్యాపారి, వేణుగోపాల్ అని మంజులత మెల్లగా చెప్పింది. నుదుట బొట్టు, మెత్తటి మాట. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టి పోయేదాన్ని. చెడ్డవాడు కాదు. లేచి ఉన్న యాంటెన్నాను చూసి చిన్నపిల్లాడిలా అయిపోయాడు.

"లేచింది! ఏమప్పా మురళీ, లేచింది గదా! ఒకసారి దించి మళ్ళీ లేపు, సూస్తా."

మురళి దించాడు, లేపాడు.

"నువ్వు కొండప్ప బిడ్డవా అమ్మా?" అన్నాడు నా వైపు తిరిగి. "నేను పెనుకొండలో కాలేజీ చదివేటప్పుడు మీ నాయన కారు కాడ నిలబడి ఇదే సూస్తాంటి. మా పాప పెండ్లికి ఈ కారులోనే ఊరేగించల్లని కొన్నా. కొని గుడికి తీస్కపోయి పూజ చేయిస్తి, అంతే, మరుసటి దినం నుంచి కొమ్ము లేయదు. ఈడ ఇద్దరు మేస్త్రీలు సూసి సామాన్లు దొరకవు పొమ్మనిరి. కొమ్ము లేయని కారు నాకెందుకు? శుక్రవారం సాయంత్రం లోపల చేయిస్తే సరి, లేకుంటే నా దుడ్లు నాకిచ్చి నీ బండి నువ్వు తీస్కో అని బండి ఈడ వదిలి మీ తమ్మునికి కచ్చితంగా చెప్పేసినా. బతికించినావమ్మా వాణ్ణి!"

నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"అంటే సారూ, ఈ పొద్దు ఇది బాగు కాకుంటే..."

"కారు వాపసే. మాట మాటే గదమ్మా."

నేను మురళి వైపు తిరిగాను. వాడి ముఖాన నెత్తురుచుక్క లేదు. వాకిలి దాకా పోయిన దాన్ని నేను. ఆ గడప దాటి పోయి ఉంటే ఈ సాయంత్రానికి కారు నాకు తిరిగి వచ్చేది. వాడికది తెలుసు. నేను మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు వాడికి తిరిగొచ్చిన ఊపిరి అందుకే తిరిగొచ్చింది. విప్పినదాన్ని విప్పినట్టు వదిలి పోలేనని వాడికి తెలుసు, నాయన చేతి కింద నాతోపాటే పెరిగినవాడు కదా. నా వేలితో నా కన్నే పొడిపించాడు.

"ఈ కారు నాది సారూ" అన్నాను. "నన్ను అడక్కుండా అమ్మినాడు."

వేణుగోపాల్ నవ్వు ఆగిపోయింది. "కాగితాలన్నీ మీ తమ్మునివే గదమ్మా? అక్కకు ఇష్టమే, అక్కే వచ్చి బాగు చేస్తాదని గదా చెప్పినాడు." మురళిని చూశాడు. "నేను న్యాయంగా కొన్నానమ్మా. పెండ్లి కూడా పెట్టుకుంటి. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

ఏం చేయమంటాను? ఇష్టం లేనిదాన్నయితే దగ్గరుండి ఎందుకు బాగు చేశావంటే ఏం చెప్పను? నా ఇష్టానికి సాక్ష్యంగా ఆ కడ్డీ పంచలో నిటారుగా నిలబడి ఉంది. ఈ చేతులతోనే లేపాను.

"ఏమీ వద్దులే సారూ. దానికి మాత్రం ఇంకెప్పుడూ ఏమీ కట్టద్దండి. కట్టేదుంటే బంపరుకు కట్టుకోండి. వానకు తడిస్తే పొడిగుడ్డతో తుడిచి దించండి" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. సంచి తెరిచి పాత కడ్డీ బయటికి తీశాను. ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంటికమ్మా?"

"మీ కారు పాత సామాను. సొంతదారుకు ఇయ్యల్ల. మా నాయన పద్ధతి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇనుపముక్క నేనేం చేసుకుంటానమ్మా, నువ్వే పెట్టుకో" అని తిరిగి ఇచ్చేశాడు. కారెక్కాడు. స్కూటరు రేపు తీసుకుపోతానని చెప్పాడు. రేడియో ఆపలేదు. యాంటెన్నా లేచి ఉండగానే కారు వీధి మలుపు తిరిగి పోయింది. వీధి పిల్లలు దాని వెనక పరిగెత్తారు.

మురళి నా సంచి అందుకున్నాడు. "స్టేషన్ దాకా వస్తానక్కా. అన్నమన్నా తిని పోక్కా" అన్నాడు. గొంతులో ఏడుపుంది. ఉండనీ.

సంచి వాడి చేతిలోంచి లాక్కున్నాను. ఆ కడ్డీ వాడి చేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

"ఇది నువ్వు పెట్టుకో. నాయన కారు అమ్మంగా మిగిలింది ఇదొక్కటే. దీనికీ ఎవరన్నా గిరాకీ వస్తే ఫోన్ చెయ్యి. నాయన దినమని చెప్పు. వచ్చి బాగు చేసిచ్చి పోతా."

మంజులత "వదినా, వదినా" అంటూ వాకిలి దాకా వచ్చింది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, స్టేషన్ దారి పట్టాను.

సాయంత్రం రైలు పెనుకొండలో ఆగింది. దిగి సమాధి దగ్గరికి పోవచ్చు. నాయన దినం ఆ రోజే, అదొక్కటి మాత్రం మురళి అబద్ధం చెప్పలేదు. లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. ఏ ముఖం పెట్టుకుని పోను? "కారేదీ?" అంటే ఏం చెప్పను? ఎదుటి సీటులో ముసలామె "ఏమ్మా, దిగల్నా?" అని అడిగింది. వద్దని తల ఊపాను. రైలు కదిలింది.

ఫోన్ మోగింది. కుళ్ళాయమ్మ.

"ఎస్తేరక్కా, యాడుండావు? షెడ్డు కడిగి ముగ్గు కూడా ఏసినా. సప్పుడే లేదే, హారన్ కొట్టుకుంటా రమ్మంటి గదా. నాయన కారు బాగయిందా లేదా?"

"బాగయింది కుళ్ళాయమ్మా" అన్నాను. "నేనే బాగు చేసినా."